పురుటి గదికి తాళం

లింగాలపాడు ఆస్పత్రి సిబ్బంది చేత పని చేయించడానికి హెడ్ సిస్టర్ కుసుమకుమారి పడని పాటు లేదు. బతిమాలింది, కసిరింది, అలిగింది, ఒక ఉగాదికి ఇంటి దగ్గర పులిహోర చేసి తెచ్చి పెట్టి మరీ చెప్పింది. పులిహోర బాగుందన్నారు. చేతులు కడుక్కుని పేషెంటుని ముట్టుకోండర్రా అని చెవినిల్లు కట్టుకుని పోరితే "అలాగేనమ్మా" అనేవారు, అంటూనే సెల్‌ఫోను పట్టుకున్న చేత్తో దూది తీసేవారు. ఏ చెత్త ఏ రంగు డబ్బాలో వెయ్యాలో గోడ మీద బొమ్మలు వేయించినా, అరటితొక్కల దగ్గర్నుంచి సూదుల దాకా అన్నీ దగ్గరున్న డబ్బాలోకే పోయేవి. పొద్దున్నే రావలసినవాళ్ళు తీరిగ్గా వచ్చి, వచ్చీ రాగానే టీకి వెళ్ళేవారు. "మీకు నోరు నొప్పెట్టదా అక్కా?" అని స్టాఫ్ నర్సు పద్మకుమారి జాలిపడేది. జాలిపడేదే తప్ప కుర్చీలోంచి లేచేది కాదు.

అలాంటి ఆస్పత్రికి ఉన్నట్టుండి పట్టుదల వచ్చింది. దానికి కారణం కుసుమకుమారి పోరు కాదు, డాక్టరు త్రినాథ్ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే పెట్టే సూక్తులూ కావు. ఊడ్చి తుడిచే కూర్మమ్మకి ఒక పెళ్ళిలో జరిగిన అవమానం.

కూర్మమ్మ వియ్యపురాలు పక్క మండలం ఆస్పత్రిలో అదే పని చేస్తుంది. ఆ ఆస్పత్రికి కిందటేడు నాణ్యత సర్టిఫికెట్టు వచ్చింది. సిబ్బందంతా మెళ్ళో దండలతో ఫొటో దిగారు. ఆ ఫొటో ఫోనులో పెట్టుకుని, నౌపడలో చుట్టాల పెళ్ళికి వచ్చి, వియ్యపురాలు బంతి బంతికీ తిరిగి చూపించింది. చూపించి ఊరుకుందా? "మీ ఆస్పత్రికి రానేదేటొదినా? సరిగ్గా తుడవరేటి?" అని నలుగురిలో అడిగింది. కూర్మమ్మ ఆ పూట విస్తట్లో చెయ్యి పెట్టకుండా లేచి వచ్చేసింది.

మర్నాటి నుంచి ఆ మనిషి మనిషి కాదు. చీర ఎగదోపుకుని, నడుం వంచిందంటే మధ్యాహ్నం దాకా ఎత్తేది కాదు. ఆమె తుడిచిన చోట చెప్పుకాలు పెట్టిన వాడల్లా తిట్లు తిన్నాడు. ఆ తిట్లు పడలేక కాంపౌండరు చెప్పులు బయట విప్పడం మొదలుపెట్టాడు, అతన్ని చూసి మిగతావాళ్ళూ విప్పారు. ఫొటో సంగతి నోటా నోటా పాకి అందరికీ రోషం పుట్టుకొచ్చింది. పద్మకుమారి చేతులు కడుక్కునే పద్ధతిని పాటలాగా కంఠస్థం పట్టి, అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు అని రాగం తీస్తూ కడుక్కునేది. డాక్టరు త్రినాథ్ కూడా వేళకి రావడం మొదలెట్టాడు. ఆయన వస్తున్నాడు కదా అని ఊళ్ళోవాళ్ళూ వేళకి రాసాగారు.

కుసుమకుమారి మొదట సంతోషించింది. తర్వాత ఆవిడకి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నా కదలని జనం, ఎవరో వియ్యపురాలు ఎత్తిపొడిస్తే కదిలారన్నమాట. తన మాటకి ఆ పాటి విలువ లేకపోయింది. ఈ ఉక్రోషం పైకి అనడానికి వీల్లేదు, అంటే అసలుకే మోసం వస్తుంది. అందుకని మింగేసి, తనూ కొంగు బిగించింది.

ఎందుకంటే ఆ సర్టిఫికెట్టు ఆవిడకి దండల కోసం కాదు. ఈసారి కూడా రాకపోతే లింగాలపాడులో కాన్పులు ఆపేసి అన్నిటినీ టెక్కలికి పంపిస్తామని జిల్లా మీటింగులో ఒక అధికారి మాట వదిలారు. టెక్కలి వెళ్ళాలంటే నౌపడ దగ్గర రైలు గేటు దాటాలి. ఆ గేటు పడిందంటే ఎప్పుడు లేస్తుందో రైలు నడిపేవాడికే తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇక్కడ పురుటి గది లేని రోజుల్లో, భావనపాడు నుంచి టెక్కలి బయల్దేరిన ఒక పిల్ల ఆ గేటు దగ్గరే కన్నది. బిడ్డ కుసుమకుమారి చేతుల్లోనే చల్లబడిపోయింది. ఆ తర్వాతే ఆవిడ జిల్లా ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి ఈ గది కట్టించింది. సముద్రం వైపు ఊళ్ళ ఆడవాళ్ళు మళ్ళీ గేటు పాలవుతారంటే ఆవిడ ఊరుకోగలదా?

సర్టిఫికెట్టు కోసం పరీక్షించేవాళ్ళు శుక్రవారం వస్తారనగా బుధవారం నాటికి పురుటి గది తయారైంది. నిజం చెప్పాలంటే, అంత శుభ్రమైన గదిని కుసుమకుమారి తన సర్వీసులో చూడలేదు. బండల్లో ముఖం కనిపిస్తోంది. ట్రేలు వరసగా, మందులు వరసగా, మంచం మీద దుప్పటి మడత నలగకుండా ఉన్నాయి. ఆవిడ కళ్ళు చెమర్చాయి కూడా. అంతలో కూర్మమ్మ పళ్ళెంతో వచ్చింది. పద్మకుమారి వెనకాలే కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. గుమ్మానికి పసుపు రాసి, కాన్పు బల్లకి బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించారు. డాక్టరు త్రినాథ్ హారతి కళ్ళకద్దుకుని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. కొబ్బరిముక్క కుసుమకుమారీ తింది. ఇంతవరకు బాగానే ఉంది.

కొబ్బరిముక్క నమిలి మింగేలోగా కూర్మమ్మ తాళం తెచ్చింది. సుక్రోరం దాకా ఈ గదిలోకి ఎవర్నీ రానివ్వనంది.

"కాన్పులొస్తేనో?" అంది కుసుమకుమారి.

"పూజ సేసిన గదిలో పురుడేటమ్మా? మైలపడిపోదేటి?"

పురుడు పొయ్యడానికి కట్టిన గదిలో పురుడేమిటని అడుగుతోంది ఈ మనిషి! కుసుమకుమారి డాక్టరు వైపు చూసింది. ఆయన, వాళ్ళు అంత కష్టపడ్డారు సిస్టర్ అన్నాడు, రెండు రోజులే కదా, వచ్చినవాళ్ళని టెక్కలి పంపిద్దాం అన్నాడు, ఇప్పుడు కాదంటే ఉత్సాహం చచ్చిపోతుందన్నాడు. పద్మకుమారి తలూపింది. కాంపౌండరు తలూపాడు. ఇన్నేళ్ళలో ఆ ఆస్పత్రి సిబ్బంది అంతా ఒక్క మాట మీద నిలబడడం అదే మొదలు. ఈ ఉత్సాహం కోసం ఎంత దేవుళ్ళాడింది తను! గది మళ్ళీ రొచ్చయితే ఒక్క రోజులో ఇంత శుభ్రం చెయ్యగలరా? సర్టిఫికెట్టు పోతే ఎన్నేళ్ళ కాన్పులు పోతాయి? అలా లెక్కలు వేసుకుని, సరే అంది. తన దగ్గరుండే తాళంచెవి తనే కూర్మమ్మ చేతిలో పెట్టింది.

గురువారం పొద్దెక్కాక, వెనక గదిలో డాక్టరుగారి చేత జవాబులు వల్లె వేయిస్తోంది కుసుమకుమారి. పరీక్షించేవాళ్ళు నిప్పంటుకుంటే ఏం చేస్తారని అడుగుతారట. ఆయన మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పాడు. ఎంబీబీయెస్ ఎలా పాసయ్యారు బాబూ అని మనసులో అనుకుంటూ, మంచినీళ్ళ కోసం ఆవిడ వరండాలోకి వచ్చింది. మెట్ల దగ్గర కూర్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో ఏదో తుడుస్తోంది. మొహం చిరచిరలాడుతూ ఉంది.

"ఏమిటే అది?"

"ఏటీ నేదమ్మా. ఓ కేసొచ్చినాది. మెట్ల మీదే ఉమ్మనీరు పోసీసినాది. పంపించీసినాం. ఇప్పుడే తుడిసినాను, మళ్ళీ తుడవాలి."

కుసుమకుమారి చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళి పద్మకుమారిని నిలదీసింది. పద్మకుమారి కంగారేమీ పడకుండా చెప్పింది. భావనపాడు నుంచి దాలమ్మ అనే ఆవిడ కోడల్ని తీసుకొచ్చింది. కోడలి పేరు ఈశ్వరి. అంబులెన్సు ఎక్కడికో వెళ్ళిందట, అందుకని ఆటోలోనే వచ్చారు. గదికి తాళం ఉందని, పూజ చేశారని, టెక్కలి వెళ్ళమని చెబితే పాపం మారు మాట్లాడకుండా అదే ఆటో ఎక్కారు.

"గర్భసంచి నోరు ఎంత తెరుచుకుందో చూశావా?"

"ఎలా చూడనక్కా? బల్ల లోపలుంది కదా."

"ఎన్నో కాన్పు?"

"మూడోదంట."

ఉమ్మనీరు పోయింది. మూడో కాన్పు. ఇక బిడ్డ టెక్కలి దాకా ఆగదు. కుసుమకుమారి ట్రే తీసుకురా అని ఒక్క కేక పెట్టి, చెప్పుల్లేని కాళ్ళతో రోడ్డు మీద పడింది. ఆస్పత్రికి గేటు కూతవేటు దూరంలోనే ఉంది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. తిట్టుకుంటూ పరిగెత్తింది. కూర్మమ్మని తిట్టింది, ఆమె వియ్యపురాల్ని తిట్టింది, డాక్టర్ని తిట్టింది. గేటు కనపడేసరికి తిట్టడానికి తను ఒక్కతే మిగిలింది. తాళంచెవి ఇచ్చిన చెయ్యి ఎవరిది?

గేటు పడి ఉంది. లారీల వెనక ఉప్పు బస్తాల ట్రాక్టరు, దాని వెనక ఆటో. ఆటో చుట్టూ నలుగురు ఆడవాళ్ళు అప్పటికే చీర కొంగులు అడ్డం పట్టుకుని నిలబడ్డారు. ఏ గేటుకి భయపడి ఆ సర్టిఫికెట్టు కోరుకుందో, ఆ గేటు దగ్గరికే ఆ సర్టిఫికెట్టు కోసం ఒక ఆడమనిషిని తోలేసింది తను. కుసుమకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి వేళ కాదు కాబట్టి ఆటోలోకి ఒంగింది.

ఈశ్వరి వెనక సీటు మీద వెల్లకిలా పడి, పంటి కింద కొంగు నొక్కుకుని ఉంది. అరవడం లేదు. బిడ్డ తల కనబడుతోంది. దాలమ్మ కోడలి తలని ఒళ్ళో పెట్టుకుని, "ఓర్సుకో అమ్మా, గేటు లేసిపోతాది, ఎలిపోదాం" అని అదే మాట అంటోంది.

ఇంతలో ఆస్పత్రి ఆస్పత్రంతా వచ్చిపడింది. పద్మకుమారి మూత తియ్యని ట్రేతో వచ్చింది, కాంపౌండరు ఆక్సిజన్ సిలిండరు మోసుకొచ్చాడు, డాక్టరు త్రినాథ్ స్టెతస్కోపు ఎగురుతుండగా పరిగెత్తుకొచ్చాడు. పద్మకుమారి తిన్నగా గేటుమాన్ కుళాయి దగ్గరికి పోయి, అరచేతులు, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు అని మొదలెట్టింది. రాగం కూడా వదల్లేదు. "చాలు రావే, బిడ్డ ఆగదు" అని కుసుమకుమారి పళ్ళు కొరికింది. కానీ ఒప్పుకోవాలి, ఆ పిల్ల చేతులు అద్దంలా ఉన్నాయి. అడిగిన వస్తువు అడిగిన వెంటనే చేతికొచ్చింది. కత్తెర అంటే కత్తెర, దారం అంటే దారం. ఎవరూ తొట్రుపడలేదు. కూర్మమ్మ పసుపు రంగు సంచీ నోరు తెరిచి పట్టుకుని నిలబడి, రక్తం గుడ్డలు నేల మీద పడకుండా అందుకుంది. ఇన్నేళ్ళు పురుటి గదిలో ఏవేవి చెయ్యమని పోరిందో అవన్నీ ఒక్క పొల్లు పోకుండా వాళ్ళు నడిరోడ్డు మీద చేశారు. ఆ గది మాత్రం తాళం వేసుకుని అక్కడ మెరుస్తూ కూర్చుంది.

మగబిడ్డ. పుట్టగానే ఏడవలేదు. కుసుమకుమారి ముక్కూ నోరూ తుడిచి, వీపు రుద్దింది. బిడ్డ ఒళ్ళు నీలంగా ఉంది. ఉద్యోగం కొత్తలో ఇదే గేటు దగ్గర చల్లబడిన బిడ్డ ఎలా బరువెక్కిందో ఆ చేతులకి గుర్తుంది. డాక్టరు త్రినాథ్ మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న మాస్కు బిడ్డ మొహానికి ఆనించి, గాలి బుడ్డి నొక్కుతూ మెల్లిగా లెక్కపెట్టాడు. కాసేపటికి బిడ్డ ఒకసారి వెక్కి, తర్వాత గట్టిగా ఏడ్చాడు. అడ్డం పట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఏడ్చారు. కూర్మమ్మ సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మాయ ఇంకా పడలేదు. ఆటోని వెనక్కి తిప్పించారు. ఆస్పత్రి మెట్ల దగ్గర దాలమ్మ ఆగిపోయింది. కోడల్ని వరండాలో పడుకోబెడితే చాలునంది. ఎందుకని అడిగితే, "పూజ సేసిన గదంట కదమ్మా, పురిటి మైల తగలకూడదంట. ఈ అమ్మే సెప్పినాది" అని కూర్మమ్మని చూపించింది. దెప్పిపొడుపు కాదు. నిజంగా ఆ గది మీద గౌరవంతోనే అంది. కూర్మమ్మ తల ఎత్తలేదు. రొంటిన దోపుకున్న తాళంచెవి తీసి, తలుపు రెండు రెక్కలూ తెరిచింది.

సాయంత్రానికల్లా తల్లి, బిడ్డ క్షేమంగా వార్డులోకి చేరారు. కుసుమకుమారి ఎవరినీ ఒక్క మాట అనలేదు. అంటారేమోనని ఎదురుచూసి, అననందుకు వాళ్ళు మరింత కుంగిపోయారు. కూర్మమ్మ ఎవరూ చెప్పకుండానే పురుటి గది మళ్ళీ కడిగింది. ఈసారి పసుపూ లేదు, కర్పూరమూ లేదు, తాళమూ వెయ్యలేదు.

శుక్రవారం పరీక్షించేవాళ్ళు వచ్చారు. ఒక ముసలి డాక్టరమ్మ, ఆవిడతో ఒక అసిస్టెంటు. గది చూసి తలూపారు. చెత్త డబ్బాలు చూసి రాసుకున్నారు. నిప్పంటుకుంటే ఏం చేస్తారో డాక్టరు త్రినాథ్ ఈసారి సరిగ్గానే చెప్పాడు. ఆఖరికి వార్డులోకి వచ్చారు. ఈశ్వరి మంచం అంచున, కాళ్ళు కిందికి వేలాడేసి, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కొత్త తెల్ల దుప్పటి మీద తన పాత చీర పరుచుకుని, దాని మీద కూడా ఒదిగి కూర్చుంది. నిన్న కన్న మనిషి. అలా ఎంతసేపట్నుంచి కూర్చుందో పాపం.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, ఇక్కడ బాగా చూసుకున్నారా అమ్మా అని అడిగింది.

"బాగా సూసినారమ్మా. అందరూ మంచోళ్ళే" అంది ఈశ్వరి.

"కాన్పప్పుడు ఏమైనా ఇబ్బంది పెట్టారా?"

"నేదమ్మా. మావే బేగి ఎలిపోనేకపోనాం. గేటు పడిపోనాది."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. గేటేమిటని వెనక్కి తిరిగింది. డాక్టరు త్రినాథ్ తడుముకోకుండా, వాళ్ళు ఊరి నుంచి వచ్చేటప్పుడు రైలు గేటు దగ్గర కొంచెం ఆలస్యమైందండీ అన్నాడు. డాక్టరమ్మ అలాగా అని పెన్ను కాగితం మీద పెట్టింది. రోగి తృప్తిగా ఉంది. అక్కడికి నిండా మార్కులు. సర్టిఫికెట్టు దాదాపు చేతిలో ఉన్నట్టే.

కుసుమకుమారికి ఇంక ఓపిక చాల్లేదు. వాళ్ళ మీద కాదు, తన మీద. తప్పు చేసినవాళ్ళంతా బలాదూరుగా నిలబడి ఉంటే, కన్న పిల్ల ఆ తప్పు తన నెత్తిన వేసుకుంది, త్వరగా వెళ్ళలేకపోయాం అంటోంది. ఇంతకన్నా సిగ్గుమాలిన మార్కులు ఉంటాయా?

"అలా రాయకండమ్మా" అంది. "వస్తూ వస్తూ కాదు. వచ్చిన మనిషిని మేమే పంపేశాం. మీరొచ్చి చూసేదాకా గది మాసిపోకూడదని తాళం వేశాం. తాళం నా మాట మీదే పడింది. ఈవిడ ఆ గేటు దగ్గర ఆటోలో కన్నది."

పద్మకుమారి కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ కుసుమకుమారి మొహంలోకి చూసి, ఇది రాయకుండా ఉండలేను సిస్టర్, రాస్తే ఈసారికి మీకు రాదు అంది. తెలుసమ్మా, రాయండి అంది కుసుమకుమారి. కాన్పులు ఇక్కడే ఉంచమని మళ్ళీ జిల్లా ఆఫీసు చుట్టూ తిరగాలి. మోకాళ్ళు ఒప్పుకోవు, అయినా తిరగాలి. డాక్టరు త్రినాథ్, ఆ తాళానికి సిస్టర్‌తో పాటు నేనూ ఒప్పుకున్నానని రాసుకోండి అన్నాడు, చిన్న గొంతుతో.

కుసుమకుమారి మంచం దగ్గరికి వెళ్ళి ఆ పాత చీర లాగేసి, కాళ్ళు పైకి పెట్టుకుని పడుకోమంది. ఈశ్వరి కదల్లేదు. కాళ్ళ వైపు, దుప్పటి వైపు చూసింది.

"మాసిపోతాదమ్మా."

వెనక నుంచి కూర్మమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. ఆ పిల్ల పాదాలు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఎత్తి, తెల్ల దుప్పటి మీద పెట్టింది.

"మాసిపోతే ఉతకడానికి నానున్నాను కదేటి. తొంగో."